దూర ప్రయాణంలో నడుము పట్టేస్తే దిగగానే ముందుకు వంగొచ్చా? (కదలిక, యోగమార్గం, దారిబత్తెం అనే పేర్లతో ముగ్గురు రాసుకున్న చర్చ)

కదలిక
నాలుగైదు గంటలు కూర్చుని దిగగానే చాలామంది చేసే పని, నిలబడి ముందుకు వంగి కాలివేళ్లు అందుకోవడం. యోగాలో దీన్నే ఉత్తానాసనం అంటారు, ఇది నడుముకు మంచిదని యోగా నేర్పేవాళ్లే చెబుతున్నారు. ఆ సమయంలో అది తప్పని నా వాదన. సీట్లో జారగిలబడి కూర్చున్నంతసేపూ నడుము ముందుకే వంగి ఉంటుంది. పూసల్ని వెనక నుంచి కట్టి ఉంచే లిగమెంట్లు మెల్లగా సాగుతాయి. మనుషుల్ని 20 నిమిషాలు పూర్తిగా వంగి ఉండమని కొలిచిన 1992 నాటి ప్రయోగంలో, లేచిన 2 నిమిషాలకు ఆ సాగుడు సగమే తగ్గింది, అరగంట తర్వాత కూడా కొంత మిగిలింది. అప్పటికే వదులైన నడుమును మళ్లీ అటే వంచడం దేనికి?

దానికి ఎదురు కదలిక కావాలి. పాదాలు తుంటి వెడల్పున పెట్టి, అరచేతులు పిర్రల పైభాగాన ఆనించి, మోకాళ్లు మడవకుండా మెల్లగా వెనక్కి వాలి, 2 సెకన్లు ఆగి తిరిగి రావాలి. 5 నుంచి 8 సార్లు చాలు. మెడను వెనక్కి వేలాడేయొద్దు. తర్వాత రెండు నిమిషాలు నడిచాకే సామాను ఎత్తాలి.

యోగమార్గం
సామాను సంగతి పూర్తిగా ఒప్పుకుంటాను. కానీ వెనక్కి వంగడాన్ని అందరికీ ఒకే మందులా రాశారు కదలిక గారూ, నా అభ్యంతరం అక్కడే. వయసు మీద పడ్డాక కొందరికి నరాలు వెళ్లే వెన్ను నాళం ఇరుకవుతుంది, దాన్నే స్టెనోసిస్ అంటారు. వెనక్కి వంగితే ఆ ఇరుకు ఇంకా పెరిగి కాళ్లు లాగుతాయి, తిమ్మిరెక్కుతాయి. నిలబడినా నడిచినా నొప్పి, కూర్చుంటే హాయి అనేవాళ్లను ఈ కోవలో అనుమానించాలి. వాళ్లకు కూర్చునే మోచేతులు తొడల మీద ఆనించి 5 శ్వాసలపాటు ముందుకు వాలడమే ఉపశమనం. గదికి చేరాక వెల్లకిలా పడుకుని మోకాళ్లు ఒక్కొక్కటిగా ఛాతీ వైపు తెచ్చుకోవచ్చు.

ఇక ఉత్తానాసనం అంటే మోకాళ్లు బిగించి నేల అందుకోవడం కాదు. నడుము ఎత్తున్న గోడ అంచు మీదో, బల్ల మీదో చేతులు ఆనించి, రెండడుగులు వెనక్కి వేసి, మోకాళ్లు కాస్త సడలించి పిర్రలు వెనక్కి నెట్టండి. మడత తుంటి దగ్గర పడుతుంది, వీపు బల్లపరుపుగా ఉంటుంది. లిగమెంట్లను సాగదీసేది వీపు గుండ్రంగా ముడుచుకోవడమే. తొడ వెనక కండరం సాగాలంటే వీపు ముడవాల్సిన పని లేదు.

కదలిక
స్టెనోసిస్ మాట నిజమే, నేను చెప్పి ఉండాల్సింది. అయితే ఎవరికి ఏ దిశ పడుతుందో తేల్చుకోవడానికి రోగం పేరు కన్నా పనికొచ్చే గుర్తు ఒకటుంది: నొప్పి ఎటు కదులుతోంది? కాల్లో ఉన్న నొప్పి పైకి వచ్చి నడుము దగ్గర చేరితే ఆ దిశ మంచిది, నడుములో కాస్త ఎక్కువైనా సరే. పిర్ర నుంచి పిక్కకు, పిక్క నుంచి పాదానికి దిగుతుంటే వెంటనే ఆపాలి. ముందుకు వంగినా వెనక్కి వంగినా ఇదే కొలత.

ఎముకలు గుల్లబారినవాళ్లు మాత్రం ఈ పరీక్షను నమ్ముకోవద్దు. వాళ్లలో వీపు గుండ్రంగా వంచినప్పుడు పూస నొక్కుకుపోవచ్చు, ఒక్కోసారి ఆ క్షణంలో నొప్పి కూడా తెలియదు.

దారిబత్తెం
ఇంత లెక్క ఎందుకండీ? గంటకోసారి లేచి నడిస్తే సరిపోదా? కూర్చుంటేనే డిస్కు (పూసల మధ్య ఉండే మెత్తటి దిండు) మీద ఒత్తిడి పెరుగుతుందని ఏళ్లుగా చెబుతూ వచ్చారు. 1999లో ప్రచురించిన కొలతల్లో ఆ ఒత్తిడి నిలబడినప్పుడు 0.5 మెగాపాస్కల్ (ఒత్తిడిని కొలిచే ప్రమాణం), సడలి కూర్చున్నప్పుడు 0.46, నిలబడి ముందుకు వంగినప్పుడు 1.1 వచ్చింది. కొలిచింది ఒక్క మనిషిలోనే కాబట్టి దాన్ని గట్టి నియమంగా తీసుకోలేం. కానీ కూర్చోవడమే పాపం కాదని, కదలకుండా కూర్చోవడం పాపమని నాకు అర్థమైంది.

ఇంకో సంగతి. అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే వైద్యుల సంఘం 2017లో ఇచ్చిన మార్గదర్శకాల్లో యోగా ఉన్నది దీర్ఘకాలిక నడుము నొప్పికి. నిన్న మొన్న పట్టేసిన నొప్పికి అందులో వేడి కాపడం, మర్దన లాంటివి ఉన్నాయి, యోగా లేదు. దారిలో కొత్తగా పట్టేసిన నడుముతో ఆసనాలు మొదలుపెట్టమనడం ఎంతవరకు సబబు?

యోగమార్గం
సబబైన ప్రశ్న. కొత్త నొప్పితో కొత్త ఆసనం నేర్చుకోవద్దు, ఇందులో నాకు రెండో మాట లేదు. కానీ కిటికీ పక్క సీటులో ఇరుక్కున్నవాళ్లు, బెల్టు తీయకూడని సమయంలో ఉన్నవాళ్లు గంటకోసారి లేవలేరు. వాళ్లకు పనికొచ్చేది కూర్చుని చేసే మార్జాలాసనమే. చేతులు మోకాళ్ల మీద పెట్టి, శ్వాస తీసుకుంటూ కటిని (తుంటి ఎముకల గూడును) ముందుకు వంచి ఛాతీ ఎత్తాలి, వదులుతూ కటిని వెనక్కి తిప్పి వీపు కాస్త గుండ్రంగా చేయాలి. సగం మేరకే, 6 నుంచి 8 సార్లు, అరగంటకోసారి. ఇక్కడ గుండ్రం చేయమంటున్నావేమిటని కదలిక గారు అడగొచ్చు. బరువేమీ లేకుండా రెండు సెకన్లు అటు పోయి రావడం వేరు, అక్కడే ఉండిపోవడం వేరు.

మధ్యలో తువ్వాలు చుట్ట సాయం చేస్తుంది. ముంజేయి మందాన చుట్టి, ప్యాంటు బెల్టు గీత మీదుగా నడుము వంపులో పెట్టాలి. ముందు పిర్రలు సీటు వెనక్కంటా జరిపి, ఆ తర్వాతే చుట్ట పెట్టాలి. లేకపోతే అది వీపును ముందుకు నెట్టి మనిషిని ఇంకా జారేలా చేస్తుంది. వెనక జేబులో పర్సు ఉంటే తీసేయండి, కటి ఒక పక్కకు ఒరుగుతుంది.

కదలిక
సీట్లో మార్జాలాసనానికి నా అభ్యంతరం లేదు. సీటు పక్కనుండే చేతిపట్టీ పట్టుకుని బలంగా మెలితిరిగే వక్రాసనానికే ఉంది. నడుములోని 5 పూసలూ కలిసినా ఒక పక్కకు తిరిగేది సుమారు పది డిగ్రీలే, మిగతాది పక్కటెముకలున్న పైవీపు నుంచి రావాలి. బెల్టు కటిని కట్టేసి ఉండగా చేతులతో లాగితే ఆ భారమంతా నడుము మీదే పడుతుంది. కుడికి తిరిగేటప్పుడు ఎడమ మోకాలు ఒకటి రెండంగుళాలు ముందుకు జరగనివ్వండి, కటి కూడా తిరుగుతుంది. చేతులు ఛాతీ మీద కట్టుకోండి, లాగడానికి పట్టు దొరకదు. బండి నడిపేవాళ్లు ఇవన్నీ ఆపి దిగాకే చేయాలి.

దారిబత్తెం
మరి సీట్లో బాసింపట్టు వేసుకుని గంటలు కూర్చోవడం? అదీ యోగా అనే చేస్తారు.

యోగమార్గం
వద్దండీ. కాళ్లలో రక్తం నిలుస్తుంది, నాలుగు గంటలు దాటిన ప్రయాణంలో గడ్డ కట్టే ముప్పు ఎటూ కొంత పెరుగుతుంది. పాదాలు నేలకు ఆనించి మడమలు, వేళ్లు మార్చి మార్చి ఎత్తడం గంటకు 20 సార్లు చేయండి. ఒకే పిక్క వాచి, వేడెక్కి నొప్పెడితే పిసకొద్దు, సాగదీయొద్దు, వైద్యుడికి చూపించాలి. తొడల మధ్య తిమ్మిరెక్కినా, మూత్రం ఆగిపోయినా, అదుపు తప్పినా, పాదం పైకి లేవకపోయినా ఆసనాల మాటే వద్దు, అదే పూట ఆసుపత్రికి వెళ్లాలి.

కదలిక
ఒక్కటి మిగిలింది. రాత్రంతా బెర్తులో పడుకుని వచ్చినవాళ్ల సంగతి వేరు. పడుకున్నప్పుడు డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి, పొద్దున వంగితే వాటి మీద ఒత్తిడి ఎక్కువ. పొద్దుటి తొలి గంటల్లో వంగడం మానేసినవాళ్లలో దీర్ఘకాలిక నడుము నొప్పి తగ్గిందని 1998లో ఒక అధ్యయనం చూపించింది. అందుకే దిగేముందు బూట్ల తాళ్లు కట్టుకోవడానికి కూడా వంగొద్దు, పాదాన్ని ఎదుటి బెర్తు అంచు మీదికి తెచ్చుకోండి.