సమస్య (ఇదే చివరి పాదంగా వచ్చేలా పద్యం పూరించాలి): ‘పలుకకుండుటె మంచి సంభాషణమ్ము’

నిర్వాహకుడు: పొద్దుటి నుంచి ఈ పాదం నాలుక మీదే ఆడుతోంది. ‘మాట’ను మూడో పాదం చివర పెట్టి గట్టెక్కుదామనుకునేవారు కాస్త ఆగండి.

గోదారిగట్టు:
పెండ్లి పందిట నెదురైన పిల్లఁ జూచి
‘నీకు నెప్పు డీ ముచ్చట నెలఁత!’ యనుచు
నలుగురెదుటను దలవంపు గలుగు మాట
పలుకకుండుటె మంచి సంభాషణమ్ము

ఓరుగల్లు: పెళ్లిళ్లలో ఆడపిల్లల్ని గుచ్చే ప్రశ్న అదే, భావానికి దండం. కానీ వద్దన్నా ‘మాట’ పెట్టారు! తలవంపు మాట అనకూడదంటే ఎవరు కాదంటారు? పలకకపోవడమే సంభాషణ అనే సమస్యలోని వైరుధ్యం ఎగిరిపోయింది. ‘నెలఁత’ యతి (పాదం మొదటి అక్షరంతో నడుమ కుదరాల్సిన మైత్రి) కోసమే వచ్చింది, ఏ మేనత్తా అలా పిలవదు. నలుగురు-గలుగు ప్రాసయతి (యతికి బదులు రెండో అక్షరాలు కలవడం) మాత్రం హాయిగా ఉంది.

మల్లెపందిరి:
చావు జరిగిన యింటికిఁ జనిన వేళ
చేయి పట్టుక కూర్చుండి, సెలవు గొనుచు
‘వెళ్లి వచ్చెద’ నను మాట వెడలనీక
పలుకకుండుటె మంచి సంభాషణమ్ము

నిర్వాహకుడు: అద్భుతం! మామూలు ఇంట్లో ‘పోతాను’ అనం, ‘వెళ్లొస్తాను’ అంటాం. పరామర్శకు వెళ్లిన చోట ఆ మంచిమాటే అశుభం, చెప్పకుండా లేచి రావాలి. మౌనం అపండితులకు ఆభరణమన్నాడు భర్తృహరి. ఇక్కడది తెలిసినవాళ్లదైంది.

ఓరుగల్లు: ఈవిడదీ మూడో పాదంలో ‘మాటే’, అయినా చేతి స్పర్శ సంభాషణ అయింది. వైరుధ్యం చెక్కుచెదరలేదు. అదీ తేడా.

కృష్ణాతీరం:
క్రొత్త యల్లుని విందులోఁ గూరుచుండి
జీతమెంతో యడుగంగఁ జిత్తమున్న
నప్పడమ్మును నమలుచు నదనెఱింగి
పలుకకుండుటె మంచి సంభాషణమ్ము

ఓరుగల్లు: రెండో పాదం రెండో గణంలో (అక్షరాల గుంపులో) ‘మెంతో’ రెండు గురువులతో ఆగిపోయింది, గణం నిండలేదు. ‘మెంతయో’ అంటే సరి. అందరి గణాలూ లెక్కపెట్టే కృష్ణాతీరం గారి పద్యంలోనా!

కృష్ణాతీరం: ఉగాది సమస్యకు మీరు అఖండయతి (సంధిలో కలిసిన అచ్చును విడదీయకుండా వేసే యతి) వేసి ‘పూర్వులు వాడారు’ అన్నారు. ఆ పూర్వులెవరో ఇంకా చెప్పలేదు.

ఓరుగల్లు: ఉగాది సంగతి ఉగాదికే. జీతం అడగకుండా నోట్లో ఏదో వేసుకోవడం మాత్రం చక్కటి ఊహ, ఒప్పుకుంటున్నాను.

మల్లెపందిరి: ఊహ బాగుంది కానీ అప్పడం పటపటలాడుతుంది, పంక్తిలో అందరూ ఇటే చూస్తారు. ‘నరిసెముక్కను నమలుచు’ అనండి. యతి నిలుస్తుంది, నోరూ అంటుకుంటుంది.