పాత వ్యాక్స్ తీయడం, కారు పెయింటు మీద గుండ్రటి గీతలు: మన గోదావరి జిల్లాల వారి అనుభవాలు చెప్పండి

అమలాపురం_నల్లకారు
నమస్కారమండి. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న నల్ల కారు. నీడలో నిగనిగలాడుతుంది. ఎండలోకి తీస్తే చాలు, బానెట్ మీద వెలుగు పడిన చోటల్లా సాలెగూడు అల్లినట్టు సన్నటి గీతలు. పాత యజమాని వ్యాక్స్ మీద వ్యాక్స్ వేయించినట్టున్నారు, డోర్ల అంచున నల్ల ప్లాస్టిక్ సందుల్లో తెల్లగా గట్టిపడిపోయింది. నీళ్లు పోస్తే ఒకచోట బొట్లు కడతాయి, జానెడు పక్కన పలుచగా పరుచుకుంటాయి. షెడ్డులో చూపిస్తే "మొత్తం రబ్బింగ్ కొట్టేద్దాం" అన్నారు. ఒకసారి అందరినీ అడిగి చేయిద్దామని తిరిగి తెచ్చేశాను. ముందు వ్యాక్స్ తీయాలా? ఇంట్లో చేసుకోగలిగిన పనేనా?

తణుకు_ఆదివారం
ఓపిక ఉంటే చేసుకోగలరండి. ముందు వ్యాక్స్ తీయాల్సిందే. అది గీతల్లో నిండి వాటిని కప్పిపెడుతుంది. అది పోతే గానీ అసలు ఎన్ని గీతలున్నాయో, ఎంత లోతో తెలియదు. తీశాక గీతలు ఎక్కువైనట్టు కనిపిస్తాయి, కంగారు పడకండి. అవి కొత్తవి కావు.

నేను చేసే పద్ధతి చెబుతాను. కారు నీడలో ఉండాలి, బానెట్ చేతికి చల్లగా తగలాలి. మన వేసవిలో అయితే తెల్లవారుజామునే మొదలుపెట్టాలి. ముందు ధారగా నీళ్లు పోసి దుమ్మంతా దిగనిచ్చి, ఆ తర్వాతే షాంపూ. గిన్నెలు తోమే ద్రవం కూడా వ్యాక్స్‌ను కొంతవరకు లాగేస్తుంది. ఈ పని కోసం ఒక్కసారి వాడితే ఫర్వాలేదు, రోజూ వాడితే రబ్బరు బీడింగులు ఎండిపోతాయి.

కడిగాక చేతికి పల్చటి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని తడి పెయింటు మీద మెల్లగా రాయండి. ఉత్త చేతికి తెలియని గరుకు కవరు మీదుగా ఇసుక తగిలినట్టు తెలుస్తుంది. అలా ఉంటే క్లే బార్, అంటే పెయింటుకు అంటుకున్న మురికిని లాగే మెత్తటి ముద్ద, వాడాలి. షాంపూ నీళ్లు బాగా చల్లుతూ, నొక్కకుండా, నిలువుగానో అడ్డంగానో జరపాలి. ముద్ద మురికైనప్పుడల్లా మడిచి కొత్త వైపు తిప్పుకోవాలి. చేయి జారి నేల మీద పడిందా, కడిగి వాడాలని చూడకండి, పారేయండి.

చివరగా ఒక వంతు ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నాలుగు వంతుల బ్యాటరీ నీళ్లు (డిస్టిల్డ్ వాటర్, యాసిడ్ కాదు) కలిపి మైక్రోఫైబర్ గుడ్డతో తుడిస్తే మిగిలిన జిడ్డు పోతుంది. దగ్గర్లో మంట ఉండకూడదు. ప్లాస్టిక్ సందుల్లో తెల్లపొడికి ఇదే ద్రావణం, మెత్తటి పాత టూత్‌బ్రష్ చాలు. థిన్నర్ మాత్రం దగ్గరకు రానివ్వకండి.

మండపేట_మిల్లువీధి
అసలు ఈ గీతలు ఎక్కడి నుంచి వస్తున్నాయో కూడా చూడాలండి. మా వైపు రైసు మిల్లుల బాయిలర్లలో ఊక కాలుస్తారు. ఊక బూడిదలో 85 నుంచి 95 శాతం దాకా సిలికాయే, అంటే ఇసుకలో ఉండే పదార్థమే. రాత్రి బయట పెట్టిన కారు మీద తెల్లారేసరికి నల్లటి నూగులా పరుచుకుని ఉంటుంది. పైన మంచు కురిస్తే అంటుకుపోతుంది. డ్రైవర్లు పొద్దున్నే పొడిగుడ్డ తీసుకుని గిరగిరా తుడిచేస్తారు. ఒక్కొక్క తుడుపూ పెయింటు మీద ఒక్కొక్క గీతల చుట్టే. మాసూళ్ల రోజుల్లో రోడ్ల మీద ధాన్యం ఆరబోసినప్పుడు లేచే దుమ్ము కూడా ఇలాంటిదే.

మా వీధిలో ఒకే ఏడాది కొన్న రెండు కార్లున్నాయి. నీళ్లు పోసి కడిగేదాని బానెట్‌కూ, పొడిగా దులిపేదాని బానెట్‌కూ తేడా ఎండలో పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. ఎంత మంచి పాలిష్ పెట్టించినా ఆ పొడిగుడ్డ మానకపోతే నెల తిరక్కుండా మళ్లీ మొదటికే వస్తుంది.

కాకినాడ_పోర్టురోడ్డు
వ్యాక్స్ విడిగా తీయడం ఎందుకండి? కాంపౌండ్ (రబ్బింగ్‌కు వాడే గరుకు పాలిష్) పెట్టగానే వ్యాక్స్ ఎలాగూ పోతుంది కదా. రెండు పనులు ఒక్కసారే అయిపోతాయి.

భీమవరం_పెయింటుషెడ్డు
పోతుంది, కాదనను. కానీ ఆ వ్యాక్స్ అంతా ప్యాడ్‌లో ఇరుక్కుని జిడ్డుముద్దలు కడుతుంది, కోత సమంగా రాదు. పైగా గీత ఎంత లోతో తెలియకుండా మెషిన్ పెట్టినట్టవుతుంది. నేను అసలు ఒప్పుకోనిది అదే.

కంపెనీ పెయింటు మొత్తం మందం మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్లు. అందులో పైనున్న క్లియర్ కోట్, అంటే రంగు మీద వేసే పారదర్శకమైన పొర, సుమారు 40, 50. మనిషి వెంట్రుక అంతకంటే మందం. ఈ గుండ్రటి గీతలన్నీ ఆ పై పొరలోనే ఉంటాయి. గీతను పోగొట్టడమంటే దాని చుట్టూ ఉన్న క్లియర్‌ను గీత అడుగుదాకా దించడమే. తీసింది మళ్లీ రాదు. ఏటా రబ్బింగ్ చేయించేవారికి నేను వద్దనే చెబుతాను, పని పోయినా సరే.

గోరును గీతకు అడ్డంగా లాగి చూడండి. తట్టిందంటే దాని జోలికి పోకండి, అది పాలిష్‌తో పోయేది కాదు. తట్టకపోతే అడుగు చదరం చోటు టేపు వేసి వేరు చేసుకుని, ముందు సన్న పాలిష్, మెత్తటి ఫోమ్ ప్యాడ్. దాంతో పోతే కాంపౌండ్ అక్కర్లేదు. మెషిన్ వాడితే డ్యూయల్ యాక్షన్‌ది (ప్యాడ్ తిరుగుతూనే అటూ ఇటూ ఊగేది) వాడండి. ఒకేచోట గిర్రున తిరిగే రోటరీలో వేడి ఒకేచోట చేరి అంచుల దగ్గర క్షణాల్లో పెయింటు కాలుతుంది, అలవాటు లేని చేతికి ఇవ్వకూడదు. బాడీ మడతల అంచులు, డోర్ అంచులు, ప్లాస్టిక్ అన్నిటికీ టేపు వేయండి. సెకండ్‌హ్యాండ్ బండి అన్నారు కాబట్టి ఏ ప్యానెల్‌కైనా మళ్లీ పెయింటు పడిందేమో మందం మీటరుతో చూపించుకోండి.

అంతర్వేది_దారి
మాది సముద్రం పక్క ఊరు. బోరు నీళ్లు ఉప్పు. కడిగి వదిలేస్తే తెల్లటి చుక్కలు మిగులుతున్నాయి. ఇవీ పాలిష్‌తోనే పోవాలా?

తణుకు_ఆదివారం
ముందు వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి తడిపిన గుడ్డను చుక్కల మీద ఒకటి రెండు నిమిషాలు ఉంచి, మంచినీళ్లతో కడిగేయండి. కొత్త మరకలు చాలావరకు కరుగుతాయి. ఎండలో మగ్గి క్లియర్‌లోకి దిగిన గుంటలకైతే పాలిష్ కావాలి. ఆఖరి కడుగు మాత్రం పంచాయతీ నీళ్లతోనో వాననీళ్లతోనో చేసి వెంటనే తుడిచేయడం మంచిదండి.

అమలాపురం_నల్లకారు
అందరికీ ధన్యవాదాలు. వ్యాక్స్ తీశాక గీతలు నిజంగానే రెట్టింపు కనిపించాయి. ముందే చెప్పారు కాబట్టి నిలదొక్కుకున్నాను. బానెట్ మూల టేపు వేసి సన్న పాలిష్ చేత్తోనే పెట్టాను. టేపు తీసి ఫోను లైటు దగ్గరగా పట్టి చూస్తే, టేపు అవతల వెలుగు చుట్టూ గీతలు, ఇవతల నల్లటి పెయింటులో లైటు ఒక్కటే చుక్కగా. గోరు తట్టే గీతలు రెండు ఉన్నాయి, వాటిని వదిలేస్తున్నాను. కాంపౌండ్ అవసరం పడేటట్టు లేదు. మిగతా బండికి డ్యూయల్ యాక్షన్ మెషిన్ అద్దెకు దొరికితే చూస్తాను. వానాకాలం లోపల పైన ఏం వేయమంటారు?

భీమవరం_పెయింటుషెడ్డు
కార్నౌబా వ్యాక్స్ (ఒక రకం తాటిజాతి చెట్టు ఆకుల మైనం) నల్ల రంగు మీద మెరుపు బాగా ఇస్తుంది గానీ మన ఎండకు, ఉక్కకు తొందరగా పోతుంది. సింథటిక్ సీలెంట్, అంటే వ్యాక్స్‌కు బదులు వేసే కృత్రిమ రక్షణ పూత, నెలల తరబడి నిలుస్తుంది, నా ఓటు దానికే. పాలిష్ నూనె మిగలకుండా మళ్లీ ఆల్కహాల్ నీళ్లతో తుడిచాకే వేయండి, లేకపోతే పట్టదు. పలుచగా ఒక్క పూత చాలు.

మండపేట_మిల్లువీధి
మెషిన్ మా బావమరిది దగ్గర ఉందండి. రావులపాలెం దాకా తెచ్చి ఇస్తాను, సందేశం పంపండి. ప్యాడ్లు మాత్రం కొత్తవి కొనుక్కోండి.