ఈక్వడార్ ఎన్నికల్లో ఏ విషయాల మీద ప్రచారం నడుస్తుంది? రొయ్యల రైతుగా అడుగుతున్నా

అల్లూరు రైతు:
మాది నెల్లూరు జిల్లా అల్లూరు దగ్గర, వనామీ రొయ్యల గుంటలు వేస్తాం. పట్టుబడి రోజు కాటా దగ్గర కొనేవాళ్ల నోట ఒకటే మాట, ఈక్వడార్ సరుకు ఎక్కువ దిగింది, అందుకే రేటు పడింది అని. 2025 ఆగస్టులో అమెరికా మన మీద సుంకం 50 శాతానికి తీసుకుపోయి వాళ్లకి మాత్రం 15 శాతంతో సరిపెట్టింది, అప్పట్నుంచి ఈ దక్షిణ అమెరికా దేశం పేరు వినని రోజు లేదు. జనాభా చూస్తే కోటీ 80 లక్షలు, మన రాష్ట్రంలో మూడో వంతు. అయినా ఏడాదికి 12 లక్షల టన్నులకు పైనే రొయ్యలు బయటికి పంపిస్తున్నారు. 2029లో వాళ్లకి మళ్లీ అధ్యక్ష ఎన్నికలు వస్తాయి. ఇక్కడ యూనిట్ కరెంటు రూపాయిన్నరకే అన్న హామీ మన చెరువుల మీద ఎంత పని చేసిందో అందరం చూశాం గదా, అట్లా అక్కడి జనాన్ని కదిలించే విషయాలు ఏంది? ఏ పార్టీ గెలుస్తుందో జోస్యం అక్కర్లేదు. జనం దేనికి కోపంగా ఉన్నారు, దేనికి భయపడుతున్నారు, అది చెప్పండి.

కావలి ఫీడ్ టెక్నీషియన్:
అన్నా, అన్నిటికంటే ముందు ప్రాణభయం. పదేళ్ల కింద లాటిన్ అమెరికాలో ప్రశాంతమైన దేశాల్లో అదొకటి. పక్కన కొలంబియా, పెరూ, రెండూ కొకైన్ తయారయ్యే చోట్లు, మధ్యలో వీళ్ల గ్వాయాకిల్ ఓడరేవు, సరుకు దాటించే ముఠాలన్నీ అక్కడే చేరినాయి. 2018లో లక్ష మందికి ఆరు హత్యల దాకా ఉండేవి, 2023కి 40 దాటిపోయాయి. ఆ ఏడాది ఆగస్టు 9న ఫెర్నాండో విల్లావిసెన్సియో అనే అధ్యక్ష అభ్యర్థినే సభ నుంచి బయటికొస్తుండగా కాల్చి చంపారు. 2024 జనవరిలో తుపాకులతో టీవీ స్టూడియోలోకి జొరబడితే దేశమంతా లైవ్‌లో చూసింది. అదే రోజు అధ్యక్షుడు డానియల్ నొబోవా దేశంలో సాయుధ పోరు నడుస్తోందని ప్రకటించి సైన్యాన్ని వీధుల్లోకి దింపాడు. 2025 ఏప్రిల్‌లో 55 శాతానికి పైగా ఓట్లతో మళ్లీ గెలిచాడంటే పెద్ద కారణం ఇదే.

మన ఫీల్డ్‌కి కూడా దీంతో సంబంధం ఉంది. అక్కడ రొయ్యలు పట్టి పడవల్లో, లారీల్లో ప్లాంటుకి తీసుకుపోయేటప్పుడు దారి కాసి దోచుకుంటారు. చెరువుల యజమానులు కాపలాకి, వెంట వచ్చే బండ్లకి, కెమెరాలకి పెట్టే ఖర్చు కిలో మీద పడుతుంది. మన దగ్గర రాత్రిపూట మోటారు కేబుల్ పోతేనే ఎంత బాధపడతాం, అక్కడ మామూళ్లు కట్టకపోతే మనిషి ప్రాణానికే గ్యారంటీ లేదు. 2029లో ఎవరు నిలబడినా మొదటి ప్రశ్న ఇదే అడుగుతారు: సైన్యాన్ని దింపి ఇన్నేళ్లయింది, హత్యలు తగ్గాయా లేదా?

కొత్తపట్నం ఏరేటర్ మెకానిక్:
బ్రదర్ చెప్పింది నిజమే, కానీ నేను కరెంటు, డీజిల్ ముందు పెడతా. వాళ్ల కరెంటులో ఎక్కువ భాగం నీటి నుంచే వస్తుంది. 2024లో వానలు మొహం చాటేశాయి, పౌతే నది మీది మాసార్ రిజర్వాయరు అడుగంటింది, సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా కోతలు, కొన్ని రోజులు 14 గంటలు కరెంటు లేదు. చైనా వాళ్లు కట్టిన 1500 మెగావాట్ల కోకా కోదో సింక్లయిర్ ప్రాజెక్టు ఉంది, దాంట్లో పగుళ్లు, పైగా నది ఒడ్డు కోసుకుపోయి ప్రాజెక్టు దాకా వస్తుందేమోనని భయం. మన గుంటల్లో తెల్లవారుజామున మూడింటికి కరెంటు పోయి జనరేటర్ ఎత్తుకోకపోతే ఏమవుతుందో ఇక్కడున్న ప్రతి ఒక్కరికీ తెలుసు, ఆక్సిజన్ పడిపోయి రొయ్య పైకి తేలి గట్టు పట్టుకుంటుంది. వాళ్లు మనంత ఒత్తుగా పిల్ల వెయ్యరు, చెరువులు చాలా పెద్దవి, నీళ్లు మార్చుకుంటూ పెంచుతారు, ఆ నీళ్లు తోడే పంపులు చాలావరకు డీజిల్ మీదే నడుస్తాయి.

ఇప్పుడు డీజిల్ సంగతి వినండి. 2025 సెప్టెంబరులో సబ్సిడీ తీసేసి గ్యాలన్ 1.80 డాలర్ల నుంచి 2.80 చేశారు. దేశవ్యాప్త ఆదివాసీ సంఘాల సమాఖ్య కొనాయే రోడ్లు దిగ్బంధం చేసింది, నెల రోజులు నడిచింది, ఇంబాబుర ప్రాంతం బాగా రగిలింది, ప్రాణాలు కూడా పోయాయి. 2019లో ఇట్లాగే సబ్సిడీ ఎత్తేస్తే పది పన్నెండు రోజుల్లోనే అప్పటి ప్రభుత్వం వెనక్కి తగ్గింది, ఈసారి తగ్గలేదు. బంగాళాదుంప పండించి మార్కెట్‌కి తెచ్చుకునే రైతుకి లారీ కిరాయి పెరిగింది, దానిమీద 2024లోనే వ్యాట్‌ని 12 నుంచి 15 శాతానికి పెంచి ఉన్నారు. హత్యల లెక్క టీవీలో చూస్తారు, డీజిల్ లెక్క రోజూ జేబులో చూస్తారు. ఓటు దగ్గర రెండోదే బలంగా పనిచేస్తుందని నా నమ్మకం.

నెల్లూరు పొలిటికల్ సైన్స్ లెక్చరర్:
ఇద్దరూ బాగా చెప్పారు. నేను రెండు విషయాలు కలుపుతాను.

ఒకటి డాలరు. 1999లో బ్యాంకులు కూలి, జనం దాచుకున్న డబ్బు ఇరుక్కుపోయి, 2000లో సొంత కరెన్సీ సూక్రేని వదిలేసి అమెరికా డాలరునే తెచ్చుకున్నారు. అప్పుడు డాలరుకి 25,000 సూక్రేలు. ఒక తరం మొత్తం పొదుపు ఆవిరైపోవడం చూసిన దేశం అది, అందుకే ప్రత్యర్థి వస్తే డాలరు పోతుంది అని భయపెడితే ఇప్పటికీ ఓట్లు కదులుతాయి. కానీ డాలరు వాడే ప్రభుత్వం నోట్లు అచ్చేసుకోలేదు, లోటు పూడ్చాలంటే అప్పు తేవాలి లేదా పన్ను పెంచాలి లేదా సబ్సిడీ కొయ్యాలి. పైన తమ్ముడు చెప్పిన డీజిల్ గొడవకి మూలం అక్కడుంది.

రెండోది, నాకు చాలా ముఖ్యమనిపించేది. 2025 నవంబరు 16న నొబోవా నాలుగు ప్రశ్నలతో రెఫరెండం పెట్టాడు. విదేశీ సైనిక స్థావరాలు రానివ్వాలా, కొత్త రాజ్యాంగం రాయడానికి సభ పెట్టాలా, పార్టీలకు ప్రభుత్వ నిధులు ఆపాలా, శాసనసభ్యుల సంఖ్య తగ్గించాలా అని. నాలుగింటికీ జనం వద్దన్నారు. ఏడు నెలల కింద ఆయన్నే గెలిపించిన జనం! ముఠాల మీద పోరాడు, కానీ దేశం మొత్తం నీ చేతికివ్వం అని చెప్పినట్టు. 2023లో అమెజాన్‌లోని యసూని అడవి కింద చమురు తియ్యొద్దని 59 శాతం మంది ఓటేశారు, చమురు ఆదాయం మీద బతికే దేశంలో అది చిన్న విషయం కాదు. ఇట్లాంటి ఓటర్లని ఒక్క భద్రత అనే మాటతో 2029 దాకా పట్టి ఉంచలేరు.

ఇంకా, 2007 నుంచి పదేళ్లు ఏలిన రఫాయెల్ కొర్రెయా పేరు ప్రతి ప్రచారంలోనూ వస్తుంది. అవినీతి కేసులో 2020లో శిక్ష పడింది, ఉండేది బెల్జియంలో. అయినా సగం దేశం ఆయన వైపు, సగం ఎదురు. 18 నుంచి 65 ఏళ్ల వాళ్లకి ఓటు తప్పనిసరి, కాబట్టి రాజకీయం మీద విసుగెత్తినవాళ్లు కూడా పోలింగుకి వచ్చి తీరాలి.

అల్లూరు రైతు:
మేడమ్, అందరికీ థాంక్స్. డీజిల్ ముడి ఇప్పుడర్థమైంది. చైనా సంగతి ఒక్కటి చెప్పండి, ప్రభుత్వం మారితే చైనాకి వాళ్ల సరుకు పోవడం తగ్గుతుందా? అదంతా అమెరికా వైపు తిరిగితే ఇక్కడ మనకి ఇంకా దెబ్బ.

కావలి ఫీడ్ టెక్నీషియన్:
తగ్గదన్నా. వాళ్ల రొయ్యల్లో సగం దాకా చైనాకే పోతాయి, 2024 మే 1 నుంచి స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం కూడా అమల్లో ఉంది. అది కుదిర్చింది నొబోవాకి ముందున్న లాస్సో ప్రభుత్వం, అమల్లోకి తెచ్చింది అమెరికాతో దగ్గరగా ఉండే నొబోవా. తీరం వెంట గ్వాయాస్, ఎల్ ఓరో, మనాబి ప్రాంతాల్లో చెరువుల్లో, ప్లాంట్లలో పనిచేసే కుటుంబాలు లెక్కలేనన్ని, వాళ్ల కూలి చెడగొట్టే ఒప్పందం రద్దు ఎవరూ మేనిఫెస్టోలో పెట్టరు. మీరు చూసుకోవాల్సింది అక్కడి డీజిల్ రేటు, వానలు, గ్వాయాకిల్ పోర్టులో పరిస్థితి. ఈ మూడింట్లో ఏది కదిలినా వాళ్ల ఖర్చు కదులుతుంది, ఆ కబురు కొనేవాళ్లకి ముందే తెలుస్తుంది, పిల్ల వేసే ముందు మనమూ తెలుసుకుందాం.