కంటి కురుపు మాటిమాటికీ వస్తోంది, ఏం చేయాలి?

మా అమ్మాయికి 14 ఏళ్లు. నాలుగు నెలల్లో కనురెప్ప మీద గడ్డ రావడం ఇది మూడోసారి. మొదటి రెండూ రెప్ప అంచున, వెంట్రుక మొదట్లో వచ్చాయి. ఎర్రగా వాచి, చెయ్యి తగిలితే చాలు విలవిల్లాడేది. వెంట్రుక కుదుట్లోనో, పక్కనుండే నూనె గ్రంథిలోనో స్టెఫైలోకాకస్ అనే బాక్టీరియా చేరితే ఇలా వస్తుందని డాక్టరుగారు చెప్పారు. గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండిన శుభ్రమైన గుడ్డతో, 10 నిమిషాల చొప్పున రోజుకు నాలుగుసార్లు కాపడం పెట్టాం. వారం పది రోజుల్లో దానంతటదే చితికి తగ్గిపోయింది. నొక్కొద్దు, గిల్లొద్దు అన్నారు, అది మాత్రం తప్పకుండా పాటిస్తున్నాం.

ఈసారిది వేరేగా ఉంది. రెప్ప మధ్యలో బఠాణీ గింజంత గట్టిగా తగులుతోంది, నొప్పి లేదు. మూడు వారాలైనా కరగలేదు. నూనె గ్రంథి మూసుకుపోయి వచ్చే కెలేజియన్ ఇదేనా? జ్వరం లేదు, చూపు బాగానే ఉంది. వాపు బుగ్గ వైపు పాకినా, చూపు మసకబారినా వెంటనే తీసుకెళ్తాను. ఎలాగూ వచ్చే వారం అపాయింట్‌మెంట్ ఉంది, కానీ అప్పటిదాకా టెన్షన్‌గా ఉంది.

మీ ఇళ్లలో ఎవరికైనా ఇలా వచ్చిందా? కాపడంతో ఎన్నాళ్లకు కరిగింది? చిన్న ఆపరేషన్ చేయించి ఉంటే పిల్లలు ఎలా తట్టుకున్నారు? పాత కంటి మేకప్ పారేశాం, తువ్వాలు, దిండు గలీబు వేరు చేశాం. తన రెప్పల అంచున చుండ్రులాంటి పొట్టు కూడా కనిపిస్తోంది, మళ్లీ మళ్లీ రావడానికి అదే కారణమేమో. రెప్పలు రోజూ శుభ్రం చేసుకునేవాళ్లు ఎలా చేస్తున్నారో కాస్త వివరంగా చెప్పండి, ప్లీజ్.