ఫెలోషిప్ లేకుండా పీహెచ్‌డీలో చేరడం తెలివైన పనేనా?

నల్లగొండ_కెమిస్ట్రీ:

అందరికీ నమస్తే. ఆర్గానిక్ కెమిస్ట్రీలో ఎంఎస్సీ చేశాను, పాసై రెండేళ్లయింది. మొన్నటి సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్షలో మూడో కేటగిరీలో వచ్చింది. అంటే జేఆర్‌ఎఫ్ (నెలనెలా డబ్బిచ్చే రీసెర్చ్ ఫెలోషిప్) లేదు, అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత కూడా లేదు, పీహెచ్‌డీ అడ్మిషన్‌కి మాత్రం పనికొస్తుంది, అదీ ఒక్క ఏడాదే. ఒక రాష్ట్ర యూనివర్సిటీలో ఇంటర్వ్యూ అయింది, సీటు వచ్చింది. ఫెలోషిప్ ఏమైనా ఉంటుందా సార్ అని అడిగితే "ముందు చేరమ్మా, ప్రాజెక్టు వస్తే చూద్దాం" అన్నారు గైడ్‌గారు. ఇంకోపక్క జీడిమెట్లలో ఒక కంపెనీ ఆర్ అండ్ డీలో నెలకి 24 వేలకి ఆఫర్ ఉంది. నాన్న ఆర్టీసీ కండక్టర్, రిటైర్మెంట్‌కి ఇంకా మూడేళ్లు. తమ్ముడు బీటెక్ మూడో ఏడాది. నాకు రీసెర్చ్ అంటే నిజంగా ఇష్టం, ఎంఎస్సీ ప్రాజెక్టులో మొదటిసారి ఫ్లాస్కులో క్రిస్టల్స్ కనిపించిన రోజు రాత్రంతా నిద్రపట్టలేదు. పదో తారీఖులోగా ఫీజు కట్టాలి. చేరాలా వద్దా చెప్పండి. "నీకు ఏది అనిపిస్తే అది చెయ్" అని మాత్రం అనకండి, ఆ మాట ఇంట్లో ఇప్పటికే నలుగురు అన్నారు.

కాలమ్_బాధితుడు:

వద్దు చెల్లీ. నేను నీ సబ్జెక్టే, ఇలాగే ఫెలోషిప్ లేకుండా చేరి ఐదేళ్ల మూడు నెలలు చేశాను కాబట్టి చెప్తున్నా. తిండికి డబ్బుల్లేకపోవడం ఒక బాధ, అది ఎలాగో సర్దుకుంటావు, ఇంటర్ పిల్లలకి ట్యూషన్లు చెప్పుకుంటావు. అసలు దెబ్బ ల్యాబ్‌లో. మా ల్యాబ్‌లో టీఎల్‌సీ ప్లేట్లని, అదే రియాక్షన్ ఎంతవరకు వచ్చిందో స్పాట్ పెట్టి చూసుకునేవి, కత్తెరతో అగ్గిపుల్ల వెడల్పుకి కోసేవాళ్లం, ఒక్కో ముక్క మీద రెండు స్పాట్లు పెడితే ఒకదాన్నొకటి తాకేంత సన్నంగా. కాలమ్ (కాంపౌండ్‌ని సిలికా జెల్ గుండా పంపి శుద్ధి చెయ్యడం) అయ్యాక అందులో వాడిన హెక్సేన్ ద్రావకం పారబొయ్యం, మళ్లీ డిస్టిల్ చేసి అదే వాడతాం. మూడోసారి డిస్టిల్ చేసిన హెక్సేన్‌లో పక్కవాడి కాంపౌండ్ వాసన వచ్చేది. సిలికా జెల్ డబ్బా నా సొంత డబ్బుతో కొని మీద మార్కర్‌తో పేరు రాసుకున్నా, అయినా ఎవరో వాడేశారు, దాని మీద పెద్ద గొడవ. చేసిన కాంపౌండ్ నిర్మాణం తేల్చే ఎన్‌ఎంఆర్ మెషిన్ మా దగ్గర లేదు, బయటికి పంపాలి, శాంపిల్‌కి ఇంత అని కట్టాలి, అందుకని నలభై కాంపౌండ్లు చేసి పదహారు మాత్రమే పంపాను, మిగతావి వయల్స్‌లో ఎండిపోయాయి. డబ్బు లేకపోతే పని నెమ్మదిగా సాగుతుంది అంతేలే అనుకుంటారు. కాదు, పని నాణ్యతే పడిపోతుంది.

అదే ల్యాబ్‌లో నా పక్క బెంచీ వాడికి జేఆర్‌ఎఫ్. 2023 జనవరి నుంచి లెక్కలేసుకో, మొదటి రెండేళ్లు నెలకి 37 వేలు, తర్వాత మూడేళ్లు 42 వేలు. ఐదేళ్లకి సరిగ్గా 24 లక్షలు, హాస్టల్లో ఉండకపోతే హెచ్‌ఆర్‌ఏ (ఇంటద్దె భత్యం) అదనం. ఇద్దరిదీ ఒకే గైడ్, ఒకే టాపిక్, ఒకే ఫ్యూమ్‌హుడ్. వాడు ఒక పరీక్షలో నాకంటే ఆరు ప్రశ్నలు ఎక్కువ పెట్టాడు, అంతే తేడా.

తార్నాక_బస్టాప్:

అన్నా, నీ బాధ అర్థమైంది కానీ అందరికీ కలిపి "వద్దు" అంటే ఒప్పుకోను. నాది హిస్టరీ, నాకూ ఫెలోషిప్ లేదు, పోయినేడాది వైవా అయిపోయింది. మా ఇంట్లో డిగ్రీ దాటిన మొదటివాణ్ని నేనే. నాకు ఫెలోషిప్ అంటే నెలకింత డబ్బు కాదు, హైదరాబాద్‌లో అద్దె లేకుండా ఒక మంచం, మెస్సులో రెండు పూటల అన్నం, రాత్రి దాకా తెరిచి ఉండే రీడింగ్ రూమ్. పొద్దున తార్నాకలో స్టేట్ ఆర్కైవ్స్‌కి నడుచుకుంటూ వెళ్లి నిజాం కాలం ఫైళ్లు చూసుకుని మధ్యాహ్నానికి తిరిగొచ్చేవాణ్ని, పైసా ఖర్చు లేదు. ఊళ్లో ఉంటే నాకు ఇవేవీ దొరికేవా?

జేఆర్‌ఎఫ్ వచ్చినవాళ్లే రీసెర్చ్ చెయ్యాలంటే, కోచింగ్‌కి డబ్బులు ఉన్నవాళ్లే చెయ్యాలని అర్థం. మూడు గంటల్లో గుర్తులు పెట్టే పరీక్షకీ, మూడేళ్లు ఒకే ప్రశ్న పట్టుకుని కూర్చోవడానికీ ఏమైనా సంబంధం ఉందా?

కాలమ్_బాధితుడు:

తమ్ముడూ, నీకు కావాల్సింది బస్ పాసు, పెన్సిలు. ఆమెకి కావాల్సింది పల్లాడియం క్యాటలిస్టు. దాని రేటు ఒకసారి చూసి అప్పుడు మాట్లాడు. పైగా మీ రీడింగ్ రూమ్‌లో సగంమంది గ్రూప్స్‌కి చదువుతున్నవాళ్లేగా, పీహెచ్‌డీ పేరుకి మాత్రమే.

తార్నాక_బస్టాప్:

ఔను, సగంమంది. నేనూ రెండుసార్లు గ్రూప్-2 రాశా, దాచేదేముంది? ఉద్యోగాలు లేనప్పుడు హాస్టల్ గది ఒక ఆసరా, అది సిగ్గుపడాల్సిన సంగతి అనుకోను. సిగ్గుపడాల్సినవాళ్లు పోస్టులు భర్తీ చేయనివాళ్లు.

రిటైర్డ్_మాష్టారు:

ఇక్కడ గైడ్ల తరఫున ఒక్కరూ మాట్లాడలేదు గనక నేను రాస్తున్నాను. నేను రాష్ట్ర యూనివర్సిటీలో ప్రొఫెసర్‌గా చేసి దిగిపోయినవాణ్ని. చేరినప్పుడు మా డిపార్ట్‌మెంట్‌లో 19 మందిమి, దిగేనాటికి ఐదుగురం. రూల్ ప్రకారం ప్రొఫెసర్ ఎనిమిది మందిని తీసుకోవచ్చు, అసోసియేట్ ఆరుగురిని, అసిస్టెంట్ నలుగురిని. నేను ఎప్పుడూ ముగ్గురిని మించి పెట్టుకోలేదు, ఎందుకంటే ప్రాజెక్టు డబ్బు అంతవరకే వచ్చేది, కొన్నేళ్లు అదీ లేదు. "చేరమ్మా, చూద్దాం" అన్న మాటలో మోసం ఉందని మీరంతా తేల్చేశారు. ఆ మాట నేనూ అన్నాను, ఒకసారి కాదు. అప్పటికి ప్రాజెక్టు ప్రపోజల్ పంపి ఉంటాను, వస్తుందనే నమ్మకంతోనే అంటాను. పిల్లని తీసుకోకపోతే ల్యాబ్ మూతపడుతుంది, తీసుకుంటే ఆమె బతుకు నా మెడకి చుట్టుకుంటుంది. ఏం చెయ్యమంటారు?

అయినా అమ్మాయీ, ఫెలోషిప్ లేకుండానే పూర్తి చేసి ఇవాళ మంచి స్థానాల్లో ఉన్న నా విద్యార్థులు ఇద్దరున్నారు. పట్టుదల ఉంటే అవుతుంది.

ఎనిమిదివేలు:

మాష్టారూ, గౌరవంతోనే అడుగుతున్నా, పూర్తి చేసినవాళ్లు ఇద్దరు, మరి మధ్యలో వదిలేసినవాళ్లు ఎందరు? ఆ సంఖ్య మీరు రాయలేదు.

నేను సెంట్రల్ యూనివర్సిటీ. మాకు నెట్ లేనివాళ్లకి నెలకి 8 వేలు వస్తుంది, దాన్ని పట్టుకుని "మీకేం" అంటారు రాష్ట్ర యూనివర్సిటీవాళ్లు, నిజమే, వాళ్లకి అదీ లేదు. కానీ ఆ 8 వేల కథ వినండి. 2015 అక్టోబర్‌లో యూజీసీ దాన్ని పూర్తిగా ఎత్తేస్తామంటే ఢిల్లీలో విద్యార్థులు యూజీసీ ఆఫీసు ముందు రాత్రీ పగలూ కూర్చున్నారు, ఆక్యుపై యూజీసీ అని. చివరికి ఎత్తెయ్యలేదు, పెంచనూ లేదు. అప్పుడు జేఆర్‌ఎఫ్ 25 వేలు. తర్వాత 31 అయింది, ఆపైన 37 అయింది. మాది ఎనిమిది దగ్గరే ఆగిపోయింది. మైనారిటీ పిల్లలకి ఉన్న మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌నైతే 2022 డిసెంబర్‌లో ఆపేస్తున్నామని పార్లమెంట్‌లోనే చెప్పేశారు.

ఇంకొకటి. యూజీసీ 2022 పీహెచ్‌డీ రెగ్యులేషన్స్ ప్రకారం స్కాలర్‌కి వారానికి నాలుగు నుంచి ఆరు గంటలు ట్యుటోరియల్సో ల్యాబ్ క్లాసులో పేపర్లు దిద్దడమో అప్పజెప్పొచ్చు. మాష్టారు చెప్పినట్టు 19 మంది చోట ఐదుగురున్నప్పుడు ఆ నాలుగు గంటలు పన్నెండు అవుతాయి. ఎంఎస్సీ ప్రాక్టికల్స్ ఎవరు చెప్తున్నారు? ఫెలోషిప్ లేని స్కాలర్. ఫ్రీగా. అది పట్టుదల కాదండీ, జీతం ఎగ్గొట్టడం.

రిటైర్డ్_మాష్టారు:

వదిలేసినవాళ్లు నలుగురు. అడిగారు గనక చెప్పాను.

బొల్లారం_షిఫ్ట్:

నేను కంపెనీ మనిషిని, పదకొండేళ్లుగా సింథసిస్. చెల్లెమ్మా, ఆఫర్ తీసుకో. పీహెచ్‌డీ ఎక్కడికీ పోదు, పార్ట్‌టైమ్‌కి అవకాశం ఉంది, కంపెనీ నుంచి ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే కాగితం కావాలి అంతే. మా దగ్గర ఇద్దరు ముగ్గురు అలా చేశారు. కానీ చక్కెర పూత పూసి చెప్పను, మొదటి రెండేళ్లు ఎన్‌ఓసీ అడిగితే మేనేజర్ నవ్వుతాడు. కంపెనీలో చేసిన మాలిక్యూల్ నీ థీసిస్‌లో పెట్టుకోనివ్వరు, పేటెంట్ గోల. కాబట్టి పగలు కంపెనీ పని, ఆదివారం యూనివర్సిటీలో నీ పని. అయినా ఇక్కడ గ్రాముల్లో కాదు కిలోల్లో రియాక్షన్ నడపడం నేర్చుకుంటావు, శాంపిల్ ఎంత శుద్ధంగా ఉందో చూసే హెచ్‌పీఎల్‌సీ మెషిన్ నీ చేతిలో ఉంటుంది, శాంపిల్ పంపితే సాయంత్రానికి రిపోర్ట్. బాధితుడు అన్న రాసిన ఆ కత్తెర ముక్కలు చదివి నవ్వొచ్చింది, మా దగ్గర ప్లేట్లు డబ్బాలకి డబ్బాలు పారేస్తారు.

మరో మాట, పీహెచ్‌డీ లేకపోతే కంపెనీలో ఒక మెట్టు దగ్గర ఆగిపోతావు. నేను అక్కడే ఉన్నా. నాకంటే ఎనిమిదేళ్లు చిన్నవాడు డాక్టరేట్‌తో వచ్చి నాకు బాస్ అయ్యాడు. మంచివాడే, కాలమ్ మాత్రం నేనే పెట్టిస్తా.

ఇద్దరుపిల్లలు_ఒకథీసిస్:

మగవాళ్లు ఎవరూ ఎత్తని విషయం. ఆమె కంపెనీలో చేరితే ఇంట్లో పెళ్లి సంబంధాలు మొదలవుతాయి, పీహెచ్‌డీలో చేరితే "చదువుతోంది" అని రెండేళ్లు ఆగుతారు. నవ్వకండి, నేను చేరడానికి సగం కారణం అదే. రూల్స్‌లో ఆడవాళ్లకి గరిష్ఠ గడువు మీద ఇంకో రెండేళ్లు ఇస్తారు, 240 రోజుల సెలవు ఉంది, కాగితం మీద చాలా బాగుంటుంది. ఫెలోషిప్ లేనిదానికి సెలవిచ్చినా ఒకటే ఇవ్వకపోయినా ఒకటే, పోయే జీతం ఏముంది? సొంత డబ్బు లేని చదువు అత్తగారింట్లో "కాలక్షేపం" అవుతుంది. మా ఆయన మంచివాడే, అయినా రిజిస్ట్రేషన్ ఫీజు అడగాల్సి వచ్చినప్పుడల్లా గొంతు పూడుకుపోయేది. నా ఓటు జీతానికి.

డాలస్_బాబాయ్:

ఇదంతా ఎందుకు, అమెరికాలో పీహెచ్‌డీకి అప్లై చెయ్యమ్మా, కెమిస్ట్రీకి ట్యూషన్ ఫీజు వాళ్లే మాఫీ చేసి టీఏ (టీచింగ్ అసిస్టెంట్) జీతం ఇస్తారు. మన ఊళ్లో ఫ్రీగా ల్యాబ్ క్లాసులు చెప్పడమేంటి!

ఎనిమిదివేలు:

బాబాయ్, 2025లో అక్కడ రీసెర్చ్ గ్రాంట్లకి కోతపడి కొన్ని యూనివర్సిటీలు పీహెచ్‌డీ అడ్మిషన్లే తగ్గించుకున్నాయి కదా. పైగా ఐదారు అప్లికేషన్ల ఫీజులు కలిపితే కండక్టర్‌గారి ఒక నెల జీతం. పదో తారీఖు ప్రశ్నకి ఇది జవాబు కాదు.

తార్నాక_బస్టాప్:

నల్లగొండ చెల్లెకి ఒక్క సలహా. గైడ్‌ని అడగకు, మమ్మల్నీ అడగకు. ఆ ల్యాబ్‌లో ఐదో ఏడాది స్కాలర్ ఎవరో కనుక్కుని ఒక టీ తాగించు. గైడ్ లేనప్పుడు.

నల్లగొండ_కెమిస్ట్రీ:

అందరికీ థాంక్స్. నిన్న వెళ్లాను. ఐదో ఏడాది లేరు, ఆరో ఏడాది అక్క ఉంది. నేను వెళ్లేసరికి కత్తెరతో ప్లేట్లు కోస్తోంది. బాధితుడన్నా, నిజం చెప్తున్నా, మీ పోస్టే గుర్తొచ్చి నవ్వాపుకోలేకపోయాను, ఎందుకు నవ్వుతున్నావని అడిగితే ఫోన్లో చూపించాను. తనూ నవ్వి, "అగ్గిపుల్ల వెడల్పా? మేం ఇంకా సన్నం" అంది.

తను చెప్పినవి ఇక్కడ రాసినంత చీకటిగా లేవు. గైడ్‌గారు మంచివారట, డ్రాఫ్టు ఇస్తే వారంలో దిద్ది ఇస్తారట. ఎన్‌ఎంఆర్‌కి ఆయనే రెండుసార్లు జేబులోంచి కట్టారట. కానీ ఆ ప్రాజెక్టు ప్రపోజల్ ఇది మూడోసారట పంపడం. అక్క పొద్దున ఒక ఇంటర్ కాలేజీలో పాఠాలు చెప్పి పదకొండింటికి ల్యాబ్‌కి వస్తుంది. డెస్కు అద్దం కింద డీఎస్సీ హాల్‌టికెట్ ఉంది, పక్కనే తన మొదటి పేపర్ మొదటి పేజీ ప్రింటు. మళ్లీ మొదటి నుంచి అయితే చేరతావా అక్కా అంటే చాలాసేపు ఆలోచించి "కెమిస్ట్రీకి చేరతా, ఇలా చేరను" అంది.

ఫీజు కట్టట్లేదు. జీడిమెట్లలో చేరుతున్నా, జేఆర్‌ఎఫ్‌కి మళ్లీ రాస్తా, టీజీ సెట్ (రాష్ట్రంలో లెక్చరర్ అర్హత పరీక్ష) కూడా రాస్తా. గైడ్‌గారికి ఫోన్ చేసి చెప్పాను. కోప్పడతారనుకున్నా, "మంచిదమ్మా, జేఆర్‌ఎఫ్ వస్తే ముందు నాకే చెప్పు" అన్నారు.

తార్నాక_బస్టాప్:

కంపెనీలో పన్నెండు గంటలు నిలబడి వచ్చాక నెట్‌కి ఎవరు చదువుతారు? నేను ఇప్పటికీ చేరమనే అంటాను.

బొల్లారం_షిఫ్ట్:

పన్నెండు కాదు, తొమ్మిది. బస్సులో రెండు. ఆ బస్సులోనే చదివి కొట్టినవాళ్లు ఉన్నారు.

నల్లగొండ_కెమిస్ట్రీ:

నెట్ పేపర్ పార్ట్ సీలో 25 ప్రశ్నలకి 100 మార్కులు, నాకు పోయింది అక్కడే, అదీ ఫిజికల్ కెమిస్ట్రీలో. బస్సులో చదవడానికి వీలుగా ఎవరి దగ్గరైనా క్వాంటమ్, గ్రూప్ థియరీ నోట్సు ఉన్నాయా?

కాలమ్_బాధితుడు:

నా దగ్గర ఉన్నాయి, చేతిరాత. గ్రూప్ థియరీ బాగుంటుంది. క్వాంటమ్ మాత్రం నన్ను నమ్ముకోకు, నేను ఆరు ప్రశ్నలు పోగొట్టుకుంది అందులోనే.