గ్వార్దా గ్రానైట్ కెథెడ్రల్: వెళ్లివచ్చినవారు చెప్పగలరు

బాటసారి:
పోర్చుగల్‌లో మాకు మిగిలిన రెండు రోజులను గ్వార్దా పట్టణానికి కేటాయించాలని అనుకుంటున్నాను. మా అమ్మగారు వెంట ఉంటారు. ఆమెకు అరవై ఎనిమిదేళ్లు, మెట్లెక్కితే మోకాళ్లు నొప్పిపెడతాయి. ఒక్క కెథెడ్రల్ కోసం లిస్బన్ నుంచి అంత దూరం వెళ్లడం సమంజసమేనా?

రాతిపని:
తప్పక వెళ్లండి. గ్వార్దా వెయ్యి మీటర్లకు పైబడిన ఎత్తున, సెర్రా ద ఎస్త్రేలా పర్వతాల అంచున ఉన్న పట్టణం. 1199లో రాజు మొదటి సాంషు దీనికి పట్టణ హోదా ఇచ్చిన తరువాతే మేత్రాసనం, అంటే బిషప్ పీఠం, పాత ఇజితానియా నగరం నుంచి ఇక్కడికి మారింది. ఇప్పుడున్న కెథెడ్రల్ పని 1390లో, రాజు మొదటి జువాంవ్ కాలంలో మొదలై, సుమారు 1540 వరకు సాగింది. నూటయాభై ఏళ్లలో అభిరుచులు మారిన తీరు గోడలపైనే కనిపిస్తుంది: బయట కోటబురుజుల వంటి రెండు అష్టకోణ గోపురాలు, లోపల తాడులా మెలితిరిగిన మాన్యుయెలీన్ శైలి (అలంకారాలు మెండుగా ఉండే పోర్చుగీసు గోతిక్ రీతి) స్తంభాలు. గ్రానైట్ గట్టిరాయి, సన్నని నగిషీకి అంత సులభంగా లొంగదు. అటువంటి రాతిని మెలితిప్పినట్లు చెక్కిన ఆ పనివారి ఓర్పును తలచుకొంటూ నేను ఆ స్తంభాల దగ్గర చాలాసేపు నిలబడిపోయాను.

ఆ బూడిదరంగు గోడల నడుమ, ప్రధాన బలిపీఠం వెనుక, వందకు పైగా బొమ్మలతో క్రీస్తు జీవిత ఘట్టాలను చూపే ఎత్తైన శిల్పఫలకం ఉంది. దానిని పదహారవ శతాబ్దంలో శిల్పి జువాంవ్ ద రువాంవ్ కొయింబ్రా ప్రాంతపు మెత్తని సున్నపురాతిలో చెక్కాడు. అమ్మగారిని దాని ఎదుట బల్లపై కూర్చోబెట్టండి. ఆమె చూడవలసిన ముఖ్యమైన దృశ్యం అదే, లోపలికి వెళ్లాక దానికోసం మెట్లెక్కనక్కరలేదు.

మంచుదారి:
రైల్వేస్టేషన్ దిగువన, పాత ఊరికి నాలుగైదు కిలోమీటర్ల దూరంలో ఉంది. నేను సామానుతో నడిచి ఎక్కి అలసిపోయాను, మీరు టాక్సీ తీసుకోండి. జనవరిలో లోపలి చలి బయటికన్నా తీవ్రంగా అనిపించింది. అమ్మగారికి శాలువా, మందపు మేజోళ్లు తప్పనిసరి. ప్రార్థన జరుగుతున్న వేళ సందర్శకులు తిరగడం మర్యాద కాదు గనుక ఆ సమయాలు ముందే తెలుసుకోండి.

బాటసారి:
రాతిపని గారూ, కృతజ్ఞతలు. పైకప్పు మీదికి వెళ్లవచ్చని విన్నాను. అమ్మను కింద ఉంచి నేనొక్కడినే వెళ్లడం బాగుంటుందా?

రాతిపని:
వెళ్లండి, కానీ వాన లేని రోజు చూసుకోండి. మెట్లు ఇరుకుగా, చుట్లు తిరుగుతూ ఉంటాయి, తడిస్తే జారుతాయి. పైకప్పు గోడలను బయటికి నెట్టే ఒత్తిడిని మోసే వాలు ఆనుడు కమానులను పక్కనుంచి చూసే అవకాశం కింద నుంచి దొరకదు. వాననీటిని వెలుపలికి చిమ్మే వింత బొమ్మల్లో ఒకటి తన వెనుకభాగాన్ని స్పెయిన్ వైపు తిప్పి ఉందని స్థానికులు చెప్పుకొంటారు. సరిహద్దు ఊరి పాత పౌరుషం అందులో కనబడుతుంది. మీరు దిగివచ్చే వరకు అమ్మగారు ఎదుటి చౌకులో, మొదటి సాంషు విగ్రహం దగ్గర ఎండలో కూర్చోవచ్చు. మధ్యాహ్నం ఎండ పడినప్పుడు గోడలోని అభ్రకపు రేణువులు అక్కడి నుంచే మెరుస్తూ కనిపిస్తాయి.