పురుగుమందు కొట్టే వారి కాలేయానికి విటమిన్ మాత్రలు రక్షణ ఇస్తాయా?

రాజురా పత్తిచేను:
మాది మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లా రాజురా తాలూకాలోని పల్లె. మా బాపు వానాకాలమంతా పత్తికి క్లోరిపైరిఫాస్, ప్రొఫెనోఫాస్ వంటి మందులు తానే కొడతారు. ఈమధ్య రక్తపరీక్షలో, కాలేయం దెబ్బతింటే పెరిగే ఎస్‌జీపీటీ అనే ఎంజైము 70 దాటింది. కాలేయాన్ని విటమిన్ ఇ, సి కాపాడతాయని విత్తనాలు, మందులు అమ్మే ఒక కృషి కేంద్రం యజమాని చెప్పడంతో రోజూ విటమిన్ ఇ 400 గుళిక వేసుకుంటూ, ఆ ధైర్యంతో ముఖానికి గుడ్డ కట్టుకోవడం కూడా మానేశారు. ఇందులో నిజమెంత?

ఫార్మకాలజీ పాఠాలు, కిన్వట్:
అది పూర్తిగా గాలిమాట కాదు. అందుకే నమ్మి మోసపోతారు. క్లోరిపైరిఫాస్ కాలేయంలో ఆక్సాన్ అనే మరింత విషపూరిత రూపానికి మారుతుంది. దాని ప్రభావంతో పుట్టే చురుకైన ఆక్సిజన్ అణువులు కణాల పొరల్లోని కొవ్వును పాడుచేసి, కణాలను కాపాడే గ్లూటాథయోన్ నిల్వను తగ్గిస్తాయి. దెబ్బతిన్న కణాల నుంచి ఎస్‌జీపీటీ రక్తంలోకి కారుతుంది. కొవ్వులో కరిగే విటమిన్ ఇ పొరలోనే ఉండి ఆ గొలుసుచర్యను తెంచుతుంది, ఖర్చయిన విటమిన్ ఇ ని విటమిన్ సి తిరిగి పనిలోకి తెస్తుంది. ఎలుకల్లో ఈ విటమిన్లు నష్టాన్ని తగ్గించిన మాట వాస్తవం. అయితే అక్కడ విటమిన్‌ను చాలాసార్లు విషానికి ముందుగానో, దానితో పాటుగానో లెక్క ప్రకారం ఇస్తారు. చర్మం ద్వారా ఎంత మందు లోపలికి పోయిందో తెలియని రైతుకు ఆ ఫలితాన్ని అలాగే అన్వయించలేము.

పాండర్‌కవడా నర్సు:
గుడ్డ మానేయడమే నన్ను భయపెడుతోంది. 2017లో మా యవత్మాల్ జిల్లాలో పిచికారీ విషం సోకి ఇరవై మందికి పైగా చనిపోయారు. ఈ మందులు నరాలకు అవసరమైన ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమును బంధిస్తాయి, దానిని విటమిన్లు విడిపించలేవు. చెమట, చొంగ, కళ్లు మసకబారడం, ఊపిరాడకపోవడం కనిపిస్తే వెంటనే బట్టలు విప్పి, సబ్బుతో కడిగి, మందు డబ్బా లేబుల్‌తో సహా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. అక్కడ పనికొచ్చేది అట్రోపిన్ అనే విరుగుడు మందు. ఇక గుడ్డ కూడా తడిస్తే విషాన్ని ముఖానికే అంటిస్తుంది కాబట్టి సరైన మాస్కు, చేతితొడుగులు, నిండు చేతుల చొక్కా వాడించండి, గాలికి ఎదురుగా కొట్టనివ్వకండి.

రాజురా పత్తిచేను:
బాపు గుండె కోసం రోజూ ఆస్పిరిన్ కూడా వేసుకుంటారు. ఉసిరికాయలు పెట్టవచ్చా?

ఫార్మకాలజీ పాఠాలు, కిన్వట్:
ఉసిరి, జామ నిరభ్యంతరంగా పెట్టండి. విటమిన్ ఇ గుళికలను మాత్రం వైద్యుడు చెప్పేదాకా ఆపండి: ఎక్కువ మోతాదు విటమిన్ ఇ, ఆస్పిరిన్‌తో కలిస్తే రక్తస్రావం ముప్పు పెరగవచ్చు. ఆస్పిరిన్‌ను మీ అంతట మీరు ఆపవద్దు. ఎస్‌జీపీటీ పెరుగుదలకు పురుగుమందే కారణమని కూడా అప్పుడే తేల్చకండి. మద్యం, కొవ్వు కాలేయం, హెపటైటిస్ బి, సి లలో ఏదైనా కావచ్చు. ఆ పరీక్షలతో పాటు, పురుగుమందు ప్రభావాన్ని చూపే కోలినెస్టరేజ్ పరీక్ష గురించి కూడా వైద్యుణ్ణి అడగండి.